దశ లేని వస్త్రము



రెండేళ్ళ క్రిందట మాఘమాసంలో తాండూరులోని మా అన్నయ్యగారి ఇంట మా తండ్రిగారి ఆబ్దికం జరిగినది. భోక్తలకు ఇవ్వవలసిన పంచెలను అన్నయ్య ముందునాడే బజారులో కొని తెచ్చి ఉంచినారు. కాగితపు పెట్టెలో, పలుచని ప్లాస్టిక్ తొడుగులో, ఇస్త్రీ మడతతో ఉన్న తెల్లని పంచెలు అవి. సంకల్పానికి ముందు పురోహితులవారు ఒక పంచెను విప్పి, దాని కొసను వేళ్ళతో తడిమి చూచినారు. కొస నున్నగా మడిచి మిషను కుట్టు వేసి ఉన్నది. "దీనికి దశ లేదు నాయనా" అన్నారు. మా అన్నయ్య హాస్యప్రియులు. "దశ లేనిది వస్త్రానికా, మాకా స్వామీ?" అని నవ్వినారు. పురోహితులవారు కూడ నవ్వి, "తెచ్చినది ఇదే కదా, కానీండి" అని దానినే గ్రహించి కర్మ నడిపించినారు. ఎవరినీ నొప్పించలేదు. కాని ఆ మాట నాలో నిలిచిపోయినది. అప్పటినుండి కుచ్చు కనబడిన ప్రతి చోట నా చూపు ఆగుతున్నది. ఈ వ్యాసం ఆ చూపుల ఫలితమే.

సంస్కృతంలో 'దశా' శబ్దానికి వస్త్రపు కొసన వ్రేలాడే దారపు పోగులు అని ఒక అర్థం. దీపపు వత్తి అని మరొక అర్థం. జీవితంలోని అవస్థ అని వేరొకటి. బాల్యదశ, వృద్ధదశ అని మనం అనునిత్యం పలికేది, జ్యోతిశ్శాస్త్రంలో నూట ఇరువది సంవత్సరాల వింశోత్తరిగా విభజించేది, 'వాడికి దశ తిరిగింది' అని వీధి అరుగుల మీద చెప్పుకొనేది అంతా ఈ శబ్దమే. ఈ మూడు అర్థాలూ ఒక్క చోట ఎందుకు కూడినవో గ్రహించుటకు గొప్ప పాండిత్యం అక్కరలేదు. వస్త్రపు కొస, వత్తి కొస, ఆయువు కొస. చేతికి అందేది ఎప్పుడూ ఆ కొసయే. తెలుగులో మనం దానిని కుచ్చు అన్నాము. పూలు కుచ్చుట, ముత్యాలు కుచ్చుట అనే క్రియ కూడ మనకు ఉన్నది కనుక, కుచ్చు అనగానే తెలుగువాని మనస్సుకు విడివిడి పోగులను ఒక దారం కలిపి పట్టిన రూపం తోస్తుంది. తాండూరు దాటి సేడం వైపు వెళితే కన్నడిగులు దానినే గొండె అంటారు.

మగ్గం దగ్గర కూర్చున్నవానికి దశ అలంకారం కాదు, అనివార్యం. పడుగు దారాలను మగ్గానికి ఎక్కించిన తరువాత ఆ దారాల మొదటి కొస, చివరి కొస నేతకు లొంగవు. ఒక వస్త్రం ముగిసి మరొకటి మొదలయ్యే చోట నేతగాడు కొంత పడుగును పేక లేకుండ విడిచిపెడతాడు. అక్కడ కోస్తాడు. కోసిన తరువాత వస్త్రానికి ఇరువైపులా మిగిలే నేయని పోగులే దశలు. మన కొడంగల్‌కు పొరుగున ఉన్న నారాయణపేటలో ఒక్కసారిగా ఎనిమిది చీరలకు సరిపడే పడుగును మగ్గానికి ఎక్కించే పద్ధతి ఉన్నది. ఎనిమిది చీరలకు నడుమ ఏడు ఖాళీలు. ప్రతి ఖాళీ దగ్గర ఒక చీర మరణించి మరొక చీర పుడుతుంది అనవచ్చు. మరమగ్గపు తాను అటువంటిది కాదు. అది తుదీ మొదలూ తెలియని ప్రవాహం వలె నేయబడి, మీటరు లెక్కన ఎక్కడ కావలిస్తే అక్కడ కోయబడుతుంది. కోసిన కొస విడిపోతుంది కనుక మడిచి కుట్టవలసి వస్తుంది. మా అన్నయ్య తెచ్చిన పంచె ఆ విధంగా కోయబడిన ముక్క. పుట్టుకతోనే పంచె అయినది కాదు.

ధర్మశాస్త్ర నిబంధాలలో 'అహత వస్త్రం' అనే మాట తరచు వస్తుంది. క్రొత్తది, తెల్లనిది, ఒక్కమారు కొంచెముగా తడిపినది, ఇంతకు ముందు ఎవరూ ధరించనిది, దశలతో కూడినది అని దానికి లక్షణం చెప్పినారు. 'సదశం' అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పవలసి వచ్చినది? నా అభిప్రాయం ఇది. దశ ఉన్నదంటే ఆ వస్త్రం అఖండమైనది, ఒక పెద్ద గుడ్డనుండి చింపినది కాదు, ఎవరి వస్త్రంలోనో భాగం కాదు అని అర్థం. దశ ఆ వస్త్రానికి జన్మపత్రిక వంటిది. సోమయాగంలో సోమరసాన్ని వడపోసే వస్త్రానికి 'దశాపవిత్రం' అనే పేరే ఉన్నది. శుద్ధి చేసే వస్తువును దాని కుచ్చుతో గుర్తించి పిలిచినారు మన పూర్వులు.

కృష్ణయజుర్వేదంలో, తైత్తిరీయ సంహిత ఆరవ కాండ ఆరంభంలో, దీక్షితుడు ధరించే వస్త్రాన్ని గూర్చి ఒక ప్రసంగం ఉన్నది. ఆ వస్త్రంలో ఏ భాగం ఏ దేవతకు చెందినదో అక్కడ లెక్క చెప్పబడినది. ఒక భాగం అగ్నిది, ఒకటి వాయువుది. నీవి పితృదేవతలది. అంచు ఓషధులది. పడుగు ఆదిత్యులది, పేక విశ్వేదేవతలది. దారాలకు నడుమ వెలుతురు కనబడే సన్నని రంధ్రాలు నక్షత్రాలవి. సమస్త దేవతలకూ చెందినది వస్త్రం అని తేల్చినారు. చదువరులారా, మీరు ఒక నూలు తువాలును సూర్యునికి ఎదురుగా పట్టి చూడండి. ఆ రంధ్రాలను నక్షత్రాలకు ఇచ్చిన ఋషి ఏదో గూఢార్థాన్ని బలవంతంగా వస్త్రం మీద అతికించినాడని మీకు తోచదు. చూచినదే చెప్పినాడు.

పిండపితృయజ్ఞంలోని ఒక చిన్న విధి నన్ను అన్నిటికన్న ఎక్కువగా కదిలించినది. పిండాలు ఉంచిన తరువాత పితృదేవతలకు వస్త్రం సమర్పించాలి. యజమాని తన వస్త్రపు దశనుండి ఒక పోగు త్రెంచి, ఇవే మీకు వస్త్రములు అనే భావంతో ఉంచుతాడు. ఉన్ని పోగునైనా ఉంచవచ్చును. నేటి శ్రాద్ధాలలో పిండం మీద ఉంచే నూలు పోగు ఆ విధికి శేషం. అయితే ఈ నియమం పూర్వవయస్సులో ఉన్నవానికే. యాభై ఏండ్లు దాటిన యజమాని వస్త్రపు దశను కాక తన శరీరం మీది రోమాన్ని త్రెంచి ఇవ్వాలి. ఎందుకని? అప్పటికి అతడు పితరులకు చేరువ అయినాడు. వస్త్రం అతనికి దూరపు వస్తువు, శరీరమే అతని వస్త్రం. గీతలో శరీరాన్ని జీర్ణవస్త్రంతో పోల్చిన ఘట్టం మనకందరికీ కంఠస్థం. ఆ ఉపమానంలో వస్త్రాన్ని పూర్తిగా విడిచి వేరొకటి ధరించుట ఉన్నది. ఈ విధిలో విడువక ముందే, ధరించి ఉండగానే, కొసనుండి ఒక పోగు ఇచ్చుట ఉన్నది. అభ్యాసం అంటే ఇదే కదా అని నాకు తోస్తుంది. నాకు ఇప్పుడు యాభై ఎనిమిది.

ఇది మనకు మాత్రమే తట్టిన ఆలోచన కాదు. యూదుల ధర్మగ్రంథంలో, సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో, వస్త్రపు మూలలకు నీలిదారంతో కూడిన కుచ్చులు కట్టుకొనుమని, వాటిని చూచినప్పుడెల్ల దేవుని ఆజ్ఞలను స్మరించుమని విధి ఉన్నది. మన ఇళ్ళలో స్త్రీలు మరచిపోరాని విషయానికి కొంగున ముడి వేసుకొనుట వంటిదే. వారు ప్రార్థనా వస్త్రాన్ని కప్పి మృతుని ఖననం చేసేటప్పుడు ఒక మూల కుచ్చును కత్తిరించే ఆచారం పలుచోట్ల ఉన్నది. ఇక ఆజ్ఞలు పాటించవలసిన భారం అతనికి లేదు. గంగాతీరానికి ఎంతో దూరాన, వేరొక భాషలో, మృత్యువు ఎదుట మానవుని చేయి అదే కొస దగ్గరకు వెళ్ళినది.

బృహదారణ్యకంలో గార్గి యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్న నేత ప్రశ్నయే. ఇదంతా దేనియందు పడుగుపేకలుగా నేయబడి ఉన్నది అని. ఆ ఉపనిషత్తులోనే అంతర్యామి బ్రాహ్మణంలో యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునికి వాయువే సూత్రమని, మరణించినవానిని చూచి 'ఇతని అవయవములు సడలిపోయినవి' అని లోకం అనుటకు కారణం ఆ సూత్రం తొలగుటయే అని చెబుతాడు. మా తండ్రిగారి చేతిని చివరి రాత్రి పట్టుకొని కూర్చున్నవాడను నేను. 'సడలుట' అనే మాటకు భాష్యం ఆ రాత్రి తెలిసినది.

ఇక్కడ ఒక వర్గం పెద్దలు నన్ను ఆపుతారు. "ఇవన్నీ బహిరంగ విషయాలు. దారం ఉంటే ఏమి, లేకుంటే ఏమి? ఆత్మవిచారం చేసుకొనుము" అంటారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. సన్న్యాసి శిఖనూ సూత్రాన్నీ రెండిటినీ విడుస్తాడు. కాని ఒక్క మాట వినయంగా మనవి చేస్తాను. విడువవలసినది ముందు చేతిలో ఉండాలి. ఎన్నడూ పట్టుకోనిదానిని త్యజించితిమని చెప్పుట త్యాగం కాదు. మన తరంలో చాలామంది దశను విడువలేదు, బజారులో అది దొరకకపోవుటను గమనించలేదు, అంతే.

రెండవ వర్గం మొదటిదానికి పూర్తిగా విరుద్ధం. వీరికి ప్రతి వస్తువుకూ 'అంతరార్థం' కావాలి. జడకుచ్చులు మూడు ఎందుకు ఉంటాయి అని అడిగి, త్రిగుణాలని ఒకరు, త్రిమూర్తులని ఒకరు, గంగా యమునా సరస్వతులని ఒకరు వాట్సాప్‌లో పంపుతుంటారు. జడ మూడు పాయలుగా అల్లుతారు కనుక మూడు కుచ్చులు అమరుతాయి. ఆ సమాధానం వారికి రుచించదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన జడను తెర మీదుగా వేసి సవాలు చేసేటప్పుడు ఆ జడ, ఆ కుచ్చులు ప్రేక్షకునికి ఆమె అభిమానమంతటినీ చూపుతాయి. సిద్ధేంద్రయోగి జడను పాత్ర చేసినాడు. పట్టికలు వ్రాసి అర్థాలు అంటించలేదు. ఈ అంటించే వ్యాధి ఎంతవరకు పోయినదంటే, యూకేజీ ముగించిన పసివాండ్రకు నల్లని గౌనులు, కుచ్చు వ్రేలాడే నలుచదరపు టోపీలు తొడిగి 'గ్రాడ్యుయేషన్' జరుపుతున్నారు. కుచ్చును కుడినుండి ఎడమకు త్రిప్పుట ఆ విదేశపు ఆచారంలో పట్టం పుచ్చుకొన్న గుర్తు. అయిదేండ్ల బిడ్డ ఆ కుచ్చును నోట పెట్టుకొని చీకుతున్నది. ఆమెదే సరియైన ఉపయోగం అనిపించినది నాకు.

ఉపయోగం అన్నాను గనుక చెబుతాను. ఏరువాక నాటికి తాండూరు పరిసర గ్రామాలలో ఎద్దులకు కొమ్ములకు రంగుల కుచ్చులు, నొసట ఒక దారపు గుత్తి కడతారు. నడిచేటప్పుడు నొసటి గుత్తి ఊగుతూ కండ్ల మీద ముసిరే ఈగలను తోలుతుంది. రైతును అంతరార్థం అడిగితే ఈగల సంగతి చెబుతాడు. జపమాలలో మేరువు క్రింద ఉండే కుచ్చు దగ్గర మాల దారపు రెండు కొసలు కలిసి ముడిపడతాయి. నూట ఎనిమిది పూసల బలం ఆ ముడిది.  దేవుని ఛత్రానికి చుట్టూ వ్రేలాడే కుచ్చుల అంచు ఊరేగింపులో కదులుతూ దూరాన ఉన్నవానికి స్వామి వస్తున్నాడని ముందుగా తెలుపుతుంది. కలశంలో ఉంచే దర్భల కూర్చను చూడండి. ముడి ఒక చోట, కొసలు ఒక చోట. వస్తువును వస్తువుగా చూచినప్పుడు అది తన సంగతి తానే చెబుతుంది.

ఇప్పుడు వికారాబాదుకు వస్తాను. మూసీ పుట్టిన అనంతగిరి మీద అనంతపద్మనాభస్వామి వెలసి ఉన్నాడు. ముచుకుంద మహారాజు కథతో ముడిపడిన కొండ అది. స్వామిని ఇక్కడివారు కొంగుబంగారం అంటారు. ఎంత చక్కని మాట! పీతాంబరధారియైన స్వామిని పేదరాలి చీర కొసన కట్టుకొన్న కాసుతో పోల్చినది మన భాష. భాద్రపద శుక్ల చతుర్దశి నాడు అనంతవ్రతం చేసి, పదునాలుగు ముడుల ఎర్రని తోరం పురుషులు కుడిచేతికి, స్త్రీలు ఎడమచేతికి కట్టుకొంటారు. వ్రతకథ మీకు తెలిసినదే. సుశీల, కౌండిన్యులు పెండ్లి అయి వస్తూ మధ్యాహ్నం ఒక నదీతీరాన ఆగుతారు. అతడు అనుష్ఠానానికి వెళ్ళగా, ఎర్రని వస్త్రాలు ధరించిన కొందరు స్త్రీలు పూజ చేస్తుండుట చూచి ఆమె వారి దగ్గర వ్రతం నేర్చుకొని తోరం కట్టుకొంటుంది. వారి ఇంట సంపద నిలుస్తుంది. ఒకనాడు కౌండిన్యుడు భార్య చేతి దారాన్ని చూచి, నన్ను వశం చేసుకొనుటకు కట్టితివా అని కోపించి, త్రెంచి అగ్నిలో వేస్తాడు. ఆమె పరుగున తీసి పాలలో వేస్తుంది. ఐశ్వర్యం పోతుంది. తరువాత అతడు అడవులు పట్టి, మామిడిచెట్టును, ఆవును, ఎద్దును, కొలనులను, గాడిదను, ఏనుగును 'అనంతుని చూచితిరా' అని అడుగుతూ తిరుగుతాడు.

కౌండిన్యుని దోషం ఏమిటి? దారాన్ని లెక్కచేయకపోవుట అని సాధారణంగా చెబుతారు. నేను వేరుగా చదువుతాను. లెక్కచేయనివాడు దానిని చూచి ఊరకుండేవాడు. కౌండిన్యుడు దానికి ఒక అర్థం కల్పించినాడు, వశీకరణం అని. ఆమె చెప్పిన మాట వినలేదు. తన ఊహను ఆ దారానికి అంటించి, ఆ ఊహను కాల్చబోయి దారాన్ని కాల్చినాడు. ఆ అడవిలో పండ్లు నిండి ఉన్నా ఒక్క పక్షి వ్రాలని మామిడిచెట్టు, విద్య ఉండి శిష్యులకు చెప్పని పండితుడు అని తరువాత స్వామి వివరిస్తాడు. ఆ చెట్టు దగ్గరకు వచ్చినప్పుడెల్ల నాకు తల వంగుతుంది.

మా ఇంటి తోరాలు అమ్మ చేసేది. నలభై ఏండ్లకు పైగా ఆమె చేతి ముడులే మా చేతులకు. పోగులు లెక్కపెట్టి పేని, కుంకుమలో తడిపి, ఒక్కొక్క ముడికి ఒక నామం చెబుతూ వేసేది. పదునాలుగవ ముడి తరువాత మిగిలిన దారాన్ని కత్తిరించక చిన్న కుచ్చుగా విడిచేది. నాన్నగారు పోయిన ఏడు భాద్రపదంలో వదిన బజారునుండి తయారు తోరాలు తెచ్చినది. స్పాంజి పువ్వు, జరీ కుచ్చు అంటించినవి. అమ్మను ఎవరూ కాదనలేదు. ఎవరూ అడుగనూ లేదు. ఆమె వెనుక గదిలో కూర్చున్నది. నేను పీటల మీద కూర్చుని, వ్రతకథ చదివి, అర్థం చెప్పి, హారతి ఇచ్చి లేచినాను. ఉపన్యాసాలు ఇచ్చేవాడను. నాకు ఆ రోజు ఏమీ లోపంగా కనబడలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. అయినా వ్రాయకపోతే మిగిలినదంతా నటన అవుతుంది.

ఆ లోపం నాకు కనబడినది ఆబ్దికం జరిగిన ఏటి ఆశ్వయుజంలో, వికారాబాదు రైల్వేస్టేషనులో. సీతాఫలాల కాలం. తాండూరు వెళ్ళే బండికోసం కూర్చుని ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద ఒక వృద్ధ లంబాడీ స్త్రీ గంపతో పండ్లు అమ్ముతున్నది. అనంతగిరి చూచి హైదరాబాదు తిరిగి వెళ్ళే విద్యార్థులు చుట్టూ చేరినారు. వారిలో ఒక అమ్మాయి వీపు సంచికి ఒక పెద్ద కుచ్చు వ్రేలాడుతున్నది. గవ్వలు, చిన్న వెండి రంగు గంటలు, వెలిసిన ఎర్రని ఉన్ని. వృద్ధురాలు పండ్లు ఏరుట ఆపి దానిని చేతిలోనికి తీసుకొన్నది.

"ఇది ఏడ దొరికింది బిడ్డా?"

"ఆన్‌లైన్‌ల కొన్న అవ్వా. బాగుందని."

"మా తండాల లగ్గమైన ఆడోళ్ళు ఎంటికలకు కట్టుకునేది. సంచికి కట్టేది కాదు."

ఆ అమ్మాయి ముఖం వాడిపోయినది. "నాకు తెల్వదు అవ్వా. నీకే ఇచ్చేస్త, తీసుకో" అని విప్పబోయినది.

"నాకెందుకు బిడ్డా. ఆయన పోయి పన్నెండేండ్లాయె. ఆ దినమే తీసిండ్రు నాది." అంటూనే ఆమె కుచ్చును వెనుకకు త్రిప్పి చూచినది. మెడ దగ్గర చుట్టిన దారం ఊడి వ్రేలాడుతున్నది. తన ఓఢ్నీ అంచునుండి ఒక పోగు లాగి, పంటితో త్రెంచి, మెడ చుట్టూ నాలుగైదు చుట్లు బిగించి ముడి వేసినది. "ఇగ ఊడదు పో" అని, అడిగిన పండ్లు తూచి ఇచ్చినది.

లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల బారులతో ధాన్యం, ఉప్పు మోసుకొని దేశమంతా తిరిగిన వర్తకులు. ముందు నడిచే ఎద్దును గవ్వలతో, కుచ్చులతో అలంకరించేవారు. ఇల్లు లేని జాతికి ఎద్దు వీపు, ఆడపిల్ల వస్త్రం రెండే గోడలు. వారి పాత కుట్టుపనులు, తలకుచ్చులు నేడు ముక్కలుగా కోయబడి సంచులకు, దిండ్లకు అతుకుపెట్టబడి పట్టణాలలో అమ్ముడుపోతున్నాయి. ఇది మంచియా చెడ్డయా అని నేను తీర్పు చెప్పబోను. అమ్మినవారి అవసరం వారికే తెలుసు. ఆ స్టేషనులో నన్ను పట్టుకొన్నది వేరొకటి. ధరించే అర్హత లేదని తీసివేయబడిన కుచ్చును, ఆ చేతులే తమ వస్త్రపు దశనుండి పోగు తీసి బాగుచేసి ఇచ్చినవి. పిండపితృయజ్ఞంలో యజమాని చేసే క్రియ అదే. ఆమె దానిని బ్రతికి ఉన్న ఒక పరాయి పిల్లకోసం చేసినది. తాండూరు బండి వచ్చి ఎక్కినాను. కాగ్నా దాటేవరకు అమ్మ వెనుక గదిలో కూర్చున్న దృశ్యమే.

సాధకులకు నా మనవి ఏమిటంటే, శ్రాద్ధంలో, దానంలో ఇచ్చే వస్త్రం చిన్నదైనా సరే, దశ ఉన్న చేనేత వస్త్రం ఇవ్వండి. ఖరీదు ఎక్కువ అంటారు. పెట్టెలో వచ్చే పెద్ద పంచె ధరకు సహకార సంఘపు దుకాణంలో మంచి నూలు తువాలు వస్తుంది. చిన్న తువాలు ఇవ్వండి, తప్పు లేదు. అదీ కుదరనివారు దొరికినదే ఇవ్వండి. మా పురోహితులవారు గ్రహించినట్లు పితృదేవతలూ గ్రహిస్తారు. దీనిని క్రొత్త మడిగా చేసి పొరుగింటివారి పంచె కొసలు పరీక్షించుట మొదలుపెడితే అంతకన్న దశ లేనిది లేదు. చీర కొంగులకు కుచ్చులు కట్టి జీవించే స్త్రీలు తాండూరులో వీధికొకరు ఉన్నారు. మిషను చీరకు పట్టుదారపు కుచ్చు వేసినంతలో అది సదశం కాదని శాస్త్రజ్ఞులు అనవచ్చు. నేను ఆ చర్చలోనికి పోను. ఒక్కొక్క ముడి చేత్తో వేసిన కుచ్చు, టేపుగా అమ్మే కుచ్చుకన్న నాకు ఎన్నో రెట్లు గౌరవపాత్రం.

ఇక తోరం సంగతి. తోరం ముత్తైదువ చేతిదే కావాలని పట్టుపట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. నదీతీరాన సుశీలకు వ్రతం నేర్పిన స్త్రీల పేర్లు కథ చెప్పదు. కులగోత్రాలు చెప్పదు. ఎవరికి భర్త ఉన్నాడో, ఎవరికి లేడో చెప్పదు. ఎర్రని వస్త్రాలు అని మాత్రమే చెబుతుంది. కథ చెప్పని నియమాన్ని మనం కల్పించి దారానికి అంటించుట కౌండిన్యుని పనియే అని నా దృఢాభిప్రాయం. పెద్దలు కోపించినా సరే.

మరుసటి మాఘంలో భోక్తలకు నూలు తువాళ్ళు ఇచ్చినాము. పురోహితులవారు కొస తడిమినారు, ఏమీ అనలేదు, మంత్రం ఎత్తుకొన్నారు.

ఈ భాద్రపదంలో తాండూరు నాలుగు రోజులు ముందుగా వెళ్ళి, నూలు చుట్ట అమ్మ ఒడిలో పెట్టి, తోరాలు చేయుమని అడిగినాను. వదిన కుంకుమ కలిపి తెచ్చినది. అమ్మ చాలాసేపు మాటాడలేదు. "కండ్లు కనబడవురా, ముడులు తప్పుతాయి" అన్నది. నేను లెక్కపెడతానన్నాను. వ్రేళ్ళు వణకుతున్నా ముడులు తప్పలేదు. నేనే రెండుసార్లు లెక్క తప్పినాను. పదునాలుగవది అయిన తరువాత అంగుళమంత దారం మిగిలినది. కత్తెర పట్టుకొని వదిన "కొస తీసివేయనా అత్తయ్యా?" అన్నది.

"ఉండనీ" అన్నది అమ్మ.